పద్దెనిమిది భాగాల క్రేను

గుల్లపేట పోర్టుకు ఒకే ఒక్క క్రేను ఉండేది. నేను ఉద్యోగంలో చేరక ముందు నుంచీ అది ఉంది. నేను రిటైరయ్యాక కూడా ఉంటుందనే మా ఆఫీసులో అందరం అనుకున్నాం. ఆశ్వయుజంలో వచ్చిన తుపానుకు దాని చెయ్యి విరిగి సముద్రంలో పడింది. మొండెం మాత్రం రేవుగోడ మీద నిలబడి ఉంది. చెయ్యి లేని క్రేను దేనికీ పనికిరాదని ఒప్పుకోవడానికి మాకు నెల్లాళ్ళు పట్టింది. రిజిస్టరులో అది ఇంకా 'పనిచేయుచున్నది' అనే ఉంది మరి.

నా పేరు లోకనాథం. కొనుగోళ్ళ సెక్షనులో సీనియర్ అసిస్టెంటుని. ఈ వ్యవహారంలో నేను చేసిందల్లా దరఖాస్తులో ఒక మాట రాయడం. ఎందుకు రాశానో చెబుతాను. విన్నాక మీరు నన్ను తిట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు, నేనూ చాలాకాలంగా అదే పని చేస్తున్నాను.

కొత్త క్రేనుకు ప్రభుత్వం నిధులిచ్చింది. నిధులతో పాటు ఒక నిబంధన కూడా ఇచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో కొనే ప్రతి పరికరమూ నూటికి నూరుపాళ్ళూ మన దేశంలోనే తయారై ఉండాలి. వినడానికి బాగానే ఉంది, కాదనడానికి నేనెవర్ని? కానీ ఓడలోంచి నలభై టన్నులు ఎత్తి రేవు మీద పెట్టే ఆ రకం క్రేనును దేశంలో ఎవరూ తయారు చెయ్యడం లేదు. ఎవరూ తయారు చెయ్యని వస్తువుకు మినహాయింపు ఇవ్వవచ్చని అదే నిబంధన తొమ్మిదో పేరాలో ఉంది. మినహాయింపు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తుకు నలభై ఒక్క గళ్ళు.

నేను నాలుగో గడిలో ఉండగా కొర్లయ్య వచ్చాడు. కొర్లయ్య మా పోర్టు కళాసీల మేస్త్రి. క్రేను పడిపోయిన మర్నాటి నుంచి ఓడల్లోకి గ్రానైటు రాళ్ళు ఎక్కిస్తున్నది కళాసీలే. మొత్తం పద్దెనిమిది మంది. రెండు పెద్ద వాసాలు ఏటవాలుగా నిలబెట్టి, కప్పీలు కట్టి, ఇనపతీగ మోకు తగిలించి, పాట పాడుతూ ఇరవై టన్నుల రాయిని గాల్లోకి లేపేవాళ్ళు. నిద్రపోయే పిల్లని మంచం మీదికి చేర్చినంత నెమ్మదిగా దాన్ని ఓడ అడుగున దించేవాళ్ళు.

పదిహేడు మంది లాగుతారు. పద్దెనిమిదోవాడు లాగడు. రేవుగోడ మీద ఒంటరిగా నిలబడి మోకుని చూస్తుంటాడు, వింటుంటాడు. మోకు తెగబోయే ముందు సన్నగా మూలుగుతుందట. అది తెలిసిన క్షణాన అతను చెయ్యెత్తుతాడు. ఆ చెయ్యి లేచిందంటే మిగతావాళ్ళు ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తాలి. అది పైడయ్య పని. ముప్పై ఏళ్ళలో మూడుసార్లు చెయ్యెత్తాడు. మూడుసార్లూ రాయి పగిలింది గాని మనిషికి గీత పడలేదు.

"బాబూ, కొత్త కిరేను ఎన్నాళ్ళకొస్తాది?" అని అడిగాడు కొర్లయ్య.

"నాలుగు నెలలు."

"నాలుగు నెల్లయితే ఎలాగోలాగ లాగీగలం. మాలో సిన్నోడికే ఏబై రెండేళ్ళు. మా పిల్లలు ఈ పనికి రారు. నాలుగు నెల్లు దాటిందా, మాలో ఒకడు పోతాడు. బెదిరిత్తన్నానని అనుకోకండి. పని తెలిసినోణ్ణి గనక సెప్తన్నాను."

"అంతదాకా రాదులే మేస్త్రీ" అని నవ్వాను. కొర్లయ్య నవ్వలేదు.

అతను వెళ్ళాక ఇరవై ఏడో గడి దాకా వచ్చాను. 'ప్రస్తుతము పని ఏ విధముగా జరుగుచున్నది?' అని అడిగారు అందులో. మా ఆఫీసులో పని ఆగిపోయిందని గాని, కష్టంగా ఉందని గాని ఎవడూ రాయడు. రాస్తే ఎందుకు ఆగింది, ఎవరు ఆపారు, ఆగుతుంటే నువ్వేం చేస్తున్నావు అని మూడు మెమోలు వస్తాయి. వరదల్లో గోడౌను మునిగిన ఏడాది 'సరకు నీటియందు సంతృప్తికరముగా నిలువ యున్నది' అని రాసినవాడు ఇప్పుడు డిప్యూటీ మేనేజరు. అంచేత నేను చెయ్యి తిరిగిన అలవాటు కొద్దీ 'కళాసీల ద్వారా సంతృప్తికరముగా జరుగుచున్నది' అని రాశాను. మా చీఫ్ ఇంజనీరు పరాంకుశం గారు చదివి, "భాష బావుందయ్యా లోకనాథం" అని మెచ్చుకుని సంతకం పెట్టారు.

దరఖాస్తు రాజధానిలో ఉన్న స్వదేశీ పరికరాల లభ్యతా నిర్ధారణ సంఘానికి వెళ్ళింది. రెండు నెలలకు జవాబొచ్చింది. దేశంలో ఎవరూ క్రేను తయారు చెయ్యడం లేదని మీరు రాశారు, మంచిది. ఆ తయారు చెయ్యనివాళ్ళందరి దగ్గరా తాము తయారు చెయ్యడం లేదని ధ్రువపత్రాలు తీసుకుని జత చెయ్యండి.

"తయారు చెయ్యనివాళ్ళంటే ఎవరండీ?" అన్నాను పరాంకుశం గారితో.

"చేసేవాళ్ళు తప్ప అందరూ."

"చేసేవాళ్ళు ఎవరూ లేరు గదండీ."

"అయితే అందరూనూ" అన్నారాయన.

యంత్రాలు చేసే కంపెనీల జాబితా తెప్పించి మూడు వందల పన్నెండు ఉత్తరాలు రాశాం. అల్యూమినియం గిన్నెల కంపెనీ వాళ్ళు తమకు క్రేనుల విషయం తెలియదని, సెట్టు కావాలంటే చవగ్గా ఇస్తామని రాశారు. రుబ్బురోళ్ళు చేసే ఆసామి ఇప్పటిదాకా చెయ్యలేదు గాని ఆర్డరిస్తే ప్రయత్నిస్తానన్నాడు. 'ప్రయత్నిస్తాను' అంటే లభ్యత ఉన్నట్టా లేనట్టా అనే ప్రశ్న మీద ఫైలు ఏడు వారాలు ఆగింది. అన్నిటికన్నా కొంప ముంచినవాడు ఎగ్జిబిషన్లలో తిరిగే జెయింట్ వీల్ తయారుదారు. తమ చక్రం ఒకేసారి నలభై ఎనిమిది మందిని అరవై అడుగుల ఎత్తుకు లేపి క్షేమంగా దించుతుందని, ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదని, వాంతులు ఫిర్యాదు కింద రావని రాశాడు. సంఘం దీన్ని చాలా శ్రద్ధగా తీసుకుంది. జెయింట్ వీల్ ఎక్కించినవాళ్ళని ఎక్కించిన చోటే దించుతుంది గనక రేవుకి పనికిరాదని తేల్చడానికి ఒక ఉపసంఘం వేసింది. ఆ ఉపసంఘం ఎగ్జిబిషన్ల సీజను వచ్చేదాకా ఆగి, స్వయంగా ఎక్కి చూసి, కుటుంబాలతో సహా పరిశీలించి, అవును ఎక్కిన చోటే దిగామని నివేదిక ఇచ్చింది.

ఈలోగా పద్నాలుగు నెలలు గడిచాయి. కొర్లయ్య ప్రతి నెలా వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. మొదట్లో అడిగేవాడు, తర్వాత అడగడం మానేసి నా మొహం చూసి వెళ్ళిపోయేవాడు.

చివరికి సంఘమే గుల్లపేటకు వచ్చింది. అధ్యక్షులు నిడమర్తి వైకుంఠం గారు. నిబంధనలన్నీ కంఠతా వచ్చిన మనిషి. సముద్రాన్ని చూడటం అదే మొదటిసారి కాబోలు, రేవు మీదకి రాగానే దాని వైపు అనుమానంగా చూశారు. పక్కన చేతిలో పుస్తకంతో కార్యదర్శి.

ఆ సమయానికి కళాసీలు రాయి ఎత్తుతున్నారు. పాట కట్టేది కొర్లయ్య తమ్ముడు ఎండయ్య. ఎండయ్య అంటే రేవంతా ఇష్టపడే మనిషి. ఎదురుగా ఎవరు కనబడితే వాళ్ళ మీద అప్పటికప్పుడు పాట అల్లేవాడు. ఆ రోజు గొంతెత్తాడు:

"పెద్దసారు పొట్టకీ... ఐసా!
ఉన్న మోకు సాలదూ... ఐసా!
కొత్త కిరేను కాయితం... ఐసా!
కడలి దాటి రాదురా... ఐసా!"

రాయి లేచింది, గాల్లో తిరిగింది, ఓడలోకి దిగింది. వైకుంఠం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇది ఏమి?"

"కళాసీలండి" అన్నారు పరాంకుశం గారు.

"ఏ దేశీయులు?"

"ఈ ఊరివాళ్ళేనండి."

"క్రేను అనుదాని నిర్వచనము చదువుము" అన్నారు వైకుంఠం గారు కార్యదర్శితో.

కార్యదర్శి పుస్తకం విప్పి చదివాడు. "భారమును ఒక స్థలము నుండి పైకెత్తి మరియొక స్థలమున దించు వ్యవస్థ."

"వ్యవస్థ అన్నారు. ఇనుము అనలేదు. ఆయిలు అనలేదు."

పరాంకుశం గారికి అప్పుడు తెలిసొచ్చింది. "అయ్యా, వీళ్ళు మనుషులండి!"

"కారని మేమంటిమా? మనుష్యులు కారాదని నిర్వచనమున ఎచట నున్నది? భారము లేచినది. కోరిన చోట దిగినది. ఇంతకూ మీ దరఖాస్తులో ఇరువది యేడవ గడియందు సంతృప్తికరముగా జరుగుచున్నదని మీరే వ్రాసితిరి. సంతృప్తికరమైన స్వదేశీ పరికరము కన్నుల యెదుట నుండగా విదేశీ పరికరమునకు మినహాయింపు కోరుట సాహసము. మేము దీనిని సాహసముగా మాత్రమే పరిగణించి వదలివేయుచున్నాము."

పరాంకుశం గారు నా వైపు చూశారు. నేను సముద్రం వైపు చూశాను.

పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. గుల్లపేట పోర్టునందు 'మానవాధారిత భార ఉత్తోలన వ్యవస్థ' ఒకటి లభ్యమై యున్నది. భాగములు పద్దెనిమిది. దానిని పరికరముల రిజిస్టరునందు నమోదు చేసి, ప్రతి భాగమునకు సంఖ్య కేటాయించి, నిబంధనల ప్రకారము భార పరీక్ష జరుపవలెను.

నమోదు చేసే పని నాకే పడింది. కార్యదర్శి పక్కన కూర్చుని గళ్ళు చదివాడు, నేను కళాసీలను ఒక్కొక్కణ్ణి అడిగి నింపాను. ముందు కొర్లయ్య.

"తయారైన సంవత్సరం?" అన్నాడు కార్యదర్శి.

"పుట్టింది ఎప్పుడు మేస్త్రీ?" అని మార్చి అడిగాను.

"పెద్ద గాలివోనొచ్చిన యేడు."

"తయారీదారు?"

కొర్లయ్యకి అర్థం కాలేదు. నాకు సిగ్గేసింది గాని వివరించాను. "మాయమ్మ" అన్నాడు. "సచ్చిపోయి ముప్పై ఏళ్ళయింది. ఆవిడ పేరు ఈ పుస్తకంలో ఎక్కించకండి."

'తయారీదారు ప్రస్తుతము ఉత్పత్తి నిలిపివేసినారు. గ్యారంటీ లేదు' అని కార్యదర్శి తనే రాసుకున్నాడు.

ఎండయ్యకి ఏడో నంబరు వచ్చింది. ఆ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ మెళ్ళో వేసుకుని, "మా ఆవిడ తాళికి రెట్టింపు తూగుతాది గదరా ఇది!" అని నవ్వించాడు. నమోదు నెలన్నర సాగింది. ఈలోగా ఒకడికి జ్వరమొస్తే సెలవు చీటీ పుచ్చుకోలేదు, ఆ భాగం 'మరమ్మతులో నున్నది' అని రాశారు. యంత్రాలకిచ్చినట్టే నెలకి మనిషికో అరకిలో గ్రీజు మంజూరైంది. దాన్ని సైకిలు చెయిన్లకి పూసుకున్నారు. అప్పటిదాకా అందరం నవ్వుకున్నాం, నేను కూడా.

పైడయ్య దగ్గర నవ్వు ఆగింది.

"పుట్టిన ఊరు?"

"రంగూనండి" అన్నాడు పైడయ్య. మా తీరంలో రంగూను వెళ్ళి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అతని నాన్న అక్కడ బియ్యం మిల్లులో పనిచేసేవాడు.

కార్యదర్శి కలం కింద పెట్టాడు. వైకుంఠం గారికి ఫోను చేశాడు. ఆయన వెంటనే స్పష్టం చేశారు. వ్యవస్థలో ప్రతి భాగమూ స్వదేశీ అయి ఉండాలి. పైడయ్య దిగుమతి భాగము.

"యేడాది పిల్లణ్ణి బాబూ, మాయమ్మ సంకలో ఓడెక్కి వొచ్చీసినాను" అన్నాడు పైడయ్య. "ఆ ఊరు ఎలాగుంటాదో కూడా నాకు తెల్దు."

"దిగుమతి అయిన సంవత్సరము వ్రాసికొనుడు" అంది ఫోను.

కొర్లయ్య ముందుకొచ్చాడు. "అయ్యా, ఈడు నేకుండా మేం రాయి ముట్టుకోం. మోకు మాట ఈడొక్కడికే తెలుస్తాది."

"ఆ భాగము లాగదు, ఎత్తదు, ఊరక నిలబడి చూచును. అది విదేశీయమే కాక నిరర్థకము కూడ" అంది ఫోను. పైడయ్యను తీసేశారు. ఫోను పెట్టెయ్యబోతూ, కార్యదర్శి చదివిన సామాను వివరాల్లో ఆయన ఇంకొకటి కూడా పట్టుకున్నారు. ఇనపతీగ మోకు మీద పరాయి దేశపు ముద్ర ఉంది. అందువల్ల దాన్ని కూడా తీసేసి, దేశవాళీ కొబ్బరిపీచు మోకు వాడాలని ఆదేశించారు. 'పీచు పరిశ్రమకు ఊతము' అని ఆ ఉత్తర్వులో ఒక వాక్యం కూడా ఉంది.

భార పరీక్ష ఎలాంటిదో చెప్పాలి. కొత్త పరికరం ఎంత ఎత్తగలదని రాస్తామో అంతకు పాతిక శాతం ఎక్కువ ఎత్తించి చూడాలి. ఇనుముకి పెట్టిన పరీక్ష అది. కళాసీలు ఇరవై టన్నులు ఎత్తుతారని రిజిస్టరులో ఉంది కాబట్టి పరీక్షలో పాతిక టన్నులు ఎత్తాలి. పీచు మోకుతో. పైడయ్య లేకుండా.

పరీక్షకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం భోజనాల వేళ కొర్లయ్య మా సెక్షనుకి వచ్చాడు. నా బల్ల ముందు కూర్చోమన్నా కూర్చోలేదు.

"బాబూ, మొదట్లో తమరు ఏదో రాసినారంట గదా, పని బాగా జరుగుతన్నాదని. ఆ ముక్క కొట్టీండి. మావల్ల అవదు, పేణాలు పోతాయని రాసీండి. మరింకేటీ వొద్దు."

ఆ ఫైలు నా బల్ల మీదే ఉంది. కలం జేబులోనే ఉంది. కాని అప్పుడు రాసింది తప్పని ఇప్పుడు రాస్తే, తప్పు రాసినవాణ్ణి నేనే. సంజాయిషీ అడుగుతారు. ఆర్నెల్లలో నాకు సూపరింటెండెంటు ప్రమోషను ఉంది. ఈ లెక్కంతా వేసుకోవడానికి నాకు అర నిమిషం పట్టింది. "నా చేతిలో ఏం లేదు మేస్త్రీ" అన్నాను. నా జీవితంలో ఇంతకన్నా పెద్ద అబద్ధం ఆడలేదు.

"అయితే మేం లాగం" అన్నాడు.

ఆ మాట పరాంకుశం గారికి చేరింది. ఆయన నిబంధనలు తిరగేసి, పరికరం పరీక్షకు నిరాకరించే వీలు ఎక్కడా లేదన్నారు. పనిచెయ్యని పరికరాన్ని పోర్టు ఆవరణలోంచి తొలగించాలని మాత్రం ఉంది. తొలగిస్తే మిగతా పదిహేడు ఇళ్ళలోనూ పొయ్యి వెలగదు. అందరూ ఏభై దాటినవాళ్ళు, వాళ్ళకి వేరే పని ఎవరిస్తారు? లాగుతామని కబురు పంపారు.

పరీక్ష రోజు పొద్దున్నే షామియానా వేశారు, మైకు పెట్టారు. పైడయ్య జీతం లేకపోయినా ఫరవాలేదు, గోడ మీద నిలబడతానని వచ్చాడు. గేటు దగ్గర కాపలావాళ్ళు ఆపేశారు. దిగుమతి భాగం లోపలికి రావాలంటే కస్టమ్స్ వారి అనుమతి పత్రం ఉండాలన్నారు. అతను బతిమాలాడు, చేతులు పట్టుకున్నాడు. వాళ్ళు మంచివాళ్ళే, ఒక స్టూలు వేసి గేటు బయట కూర్చోమన్నారు.

నేను షామియానాలోకి వెళ్ళలేకపోయాను. గేటు లోపల నీడలో నిలబడ్డాను. అక్కణ్ణించి రెండు వాసాల కొసలు, వాటి మధ్య పీచు మోకు కనిపిస్తున్నాయి. మైకులో వైకుంఠం గారు మాట్లాడుతున్నారు. "ఈ వ్యవస్థకు విద్యుత్తు అక్కరలేదు, విడిభాగములు అక్కరలేదు. తుప్పు అను సమస్యయే ఉదయింపదు." దాని మధ్య ఎండయ్య పాట తెగి తెగి వినిపిస్తోంది. ఆ రోజు ఎవరి మీదా పాట కట్టలేదు, ఒట్టి 'ఐసా' మాత్రమే.

పైడయ్య స్టూలు మీద నుంచి లేచాడు. ఊచల్లోంచి మోకునే చూస్తున్నాడు. చప్పుడు ఆ దూరానికి వినబడదు, వణుకు చూసి కనిపెట్టాడేమో. ఒక్కసారిగా చెయ్యెత్తాడు. ఎంత పొడుగ్గా సాగగలదో అంత పొడుగ్గా, మునివేళ్ళ మీద నిలబడి ఎత్తాడు. ఆ చేతి కోసం చూడాల్సిన పదిహేడు మందికీ అతనికీ మధ్య రెండు గోడౌన్లు అడ్డం ఉన్నాయి. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. "వదిలెయ్యండి!" అని అరుస్తూ పరిగెత్తాను. మైకులో చప్పట్లు కొట్టమంటున్నారు.

మోకు తెగింది. రాయి పక్కకి ఊగి ఎండయ్య మీద పడింది.

నేను చేరేసరికి కొర్లయ్య రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. దాన్ని కదపడానికి అక్కడ క్రేను లేదు. మిగిలిన పదిహేను మందీ ఏడుస్తూనే గడ్డపారలు తెచ్చి, ఆ రాయిని వాళ్ళే తొలగించారు.

సంఘం నివేదిక నాలుగు రోజుల్లో వచ్చింది. 'భార పరీక్షయందు ఏడవ భాగము శాశ్వతముగా విఫలమైనది.' పోలీసులు వచ్చి రిజిస్టరు చూసి, పరికరం విరిగితే కేసు ఉండదని వెళ్ళిపోయారు. ఎండయ్య భార్య పరిహారం కోసం పెట్టుకున్న అర్జీ 'పరికర భాగమునకు వారసులుండరు' అనే ముక్కతో తిరిగొచ్చింది. ఆ కాగితం ఆమెకి చదివి చెప్పింది నేనే. మూడో మాట దగ్గర ఆపేశాను, ఆమె పూర్తిగా చదవమంది.

తొమ్మిదో రోజున ఇంకో ఉత్తర్వు వచ్చింది. మా శాఖ చరిత్రలో అంత త్వరగా ఏ ఉత్తర్వూ రాలేదు. 'స్వదేశీ పరికరము విఫలమైనట్లు నిస్సందేహముగా రుజువైనందున, విదేశీ క్రేను కొనుగోలునకు మినహాయింపు మంజూరు చేయడమైనది. లభ్యతా రాహిత్యమును ఇంత శాస్త్రీయముగా నిరూపించిన గుల్లపేట పోర్టు ఇతర పోర్టులకు ఆదర్శము.' పరాంకుశం గారు స్వీట్లు తెప్పించారు. ఆ డబ్బా నా బల్ల మీదికి కూడా వచ్చింది. అది పెట్టిన బంట్రోతుని అకారణంగా తిట్టాను. తిట్టాల్సినవాళ్ళు వేరే గదిలో ఉన్నారు.

ఏడు నెలలకు ఓడ వచ్చింది. క్రేను పది ముక్కలుగా దాని మీద ఉంది, ఒక్కోటి పదిహేను టన్నులు. దించడమెలా? మామూలుగా ఇలాంటి సరకును సొంత క్రేను ఉన్న ఓడలో పంపుతారు. కానీ మా టెండరు కాగితాల్లో 'పోర్టునందు భార ఉత్తోలన వ్యవస్థ కలదు' అని ఉంది. అది చూసి కంపెనీవాడు మామూలు ఓడలో పంపాడు. దించేవాళ్ళు కళాసీలు తప్ప ఎవరూ లేరు. ఎండయ్య పోయిన రోజు నుంచి వాళ్ళు రేవు గడప తొక్కలేదు.

పరాంకుశం గారు నన్ను వెంటబెట్టుకుని కొర్లయ్య ఇంటికి వెళ్ళారు. కొర్లయ్యా, పైడయ్యా అరుగు మీద కూర్చుని ఉన్నారు. పైడయ్య మమ్మల్ని చూసి లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

"ఇంతకాలం మీరడిగిన క్రేనే కదయ్యా" అన్నారు పరాంకుశం గారు. "మీ పాత తీగమోకే వాడుకోండి. పైడయ్యనీ రమ్మను. నేను చూసుకుంటాను."

కొర్లయ్య పైడయ్య వెళ్ళిన గుమ్మం వైపు చూశాడు. "వొస్తాం" అన్నాడు. "కూలి కూడా వొద్దు. ఒక కాయితం కావాల. మా పద్దెనిమిది మంది పేర్లూ వొరసగా రాసి, ఈళ్ళు మనుసులు, యంతరాలు గారు, అని రాసి తమరు సంతకం ఎట్టాల."

"దానిదేముంది, పద్దెనిమిది అంటే..." పరాంకుశం గారు ఆగారు.

"ఎండయ్యతో" అన్నాడు కొర్లయ్య.

ఆఫీసుకొచ్చి నేనే టైపు చేశాను. ఆ రోజు నా వేళ్ళు తప్పు కొట్టలేదు. పద్దెనిమిది పేర్లు, ఏడో వరుసలో ఎండయ్య. కింద ఒక వాక్యం. పరాంకుశం గారు కాగితాన్ని మూడుసార్లు చదివి, ఏడో పేరు మీద అడ్డంగా గీత కొట్టారు.

"ఇతను మనిషని నేను సంతకం పెడితే, ఆ రోజు చనిపోయింది మనిషని ఒప్పుకున్నట్టేనయ్యా. కేసవుతుంది. వైకుంఠం గారు ఇరుక్కుంటారు, నేనిరుక్కుంటాను. ఆ రిజిస్టరు రాసింది నువ్వు, నువ్వూ ఇరుక్కుంటావు. మిగతా పదిహేడు మందీ మనుషులే. ఒప్పుకుంటున్నాను గదా!" ఆ ఒప్పుకోవడంలో ఆయన మొహం నిజంగానే వెలిగింది. పదిహేడు మందికి ప్రాణం పోసిన తృప్తి కనబడింది అందులో.

నేను మళ్ళీ టైపు చేశాను. అవును, చేశాను. పదిహేడు పేర్లతో, కొట్టివేతలు లేకుండా, ముద్ర వేయించి పట్టుకెళ్ళాను.

కొర్లయ్యకు చదువు రాదు. కాగితం అరుగు మీద పరిచి, మొదటి వరుస మీద వేలు పెట్టాడు. వేలు ఒక్కో వరుసా దిగుతూ వచ్చింది. పెదవులు కదులుతున్నాయి. చివరికి వచ్చాక మళ్ళీ పై నుంచి మొదలెట్టాడు. ఒకటి తక్కువగా ఉందని నేను చెప్పొచ్చు. లెక్క అతనికే వదిలేశాను.

"పదిహేడే ఉన్నాయి బాబూ" అన్నాడు.

కాగితాన్ని జాగ్రత్తగా, ఎలా ఉన్నదాన్ని అలాగే మడిచి నా చేతిలో పెట్టాడు. "పట్టుకెల్లిపోండి" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఓడ పదకొండు రోజులు ఆగింది. ఆ పదకొండు రోజులూ రాజధానికీ గుల్లపేటకీ మధ్య ఫోన్లు తిరుగుతూనే ఉన్నాయి. 'సదరు ఏడవ భాగము' అని రాయవచ్చునా, 'ఒకప్పుడు మనిషిగా భావింపబడిన' అని రాయవచ్చునా, పేరు లేకుండా చుక్కలు పెట్టవచ్చునా అని తర్జనభర్జన పడ్డారు. పన్నెండో రోజు ఉదయం ఓడ లంగరెత్తి, క్రేనుతో సహా వెనక్కి బయలుదేరింది. ఆఫీసంతా కిటికీల దగ్గర చేరి చూసింది. పరాంకుశం గారు నా పక్కనే నిలబడ్డారు.

"ఒక్క పేరు కోసం ఇంత పంతమా అయ్యా వాడికి?" అన్నారు.

"వాడికి కాదండి. మనకి" అన్నాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో పై అధికారికి ఎదురు చెప్పడం అదే మొదలు. అప్పటికి ఓడ కనుచూపు దాటిపోయింది.